మన తమ్ముడికైతే అమ్ముతామా? రెండేళ్లు వాడిన 4060 మీద అసలు మాట

మొన్న రాఖీ పండక్కి హనుమకొండ వెళ్లాను. చెల్లి రాఖీ కట్టింది, పిన్ని నోట్లో స్వీట్ పెట్టింది. అది మింగేలోపే మా చిన్నాన్న కొడుకు నన్ను పక్కగదిలోకి లాగాడు.

“అన్నా, నీ 4060 తీసేస్తున్నవంట గదా?”

“నీకెవరు చెప్పిన్రు?”

“నువ్వే స్టేటస్ పెట్టినవ్ గదా, 16 జీబీ కార్డుకు మారుతున్న అని. గది నాకే ఇయ్యరాదు? నా దగ్గర పద్దెనిమిది వేలున్నయ్.”

వాడు బీటెక్ సెకండియర్. ఆ పద్దెనిమిది వేలు ఇంట్లో అడిగి తెచ్చుకున్నవి కాదు. కాలేజీ అయ్యాక రాత్రిళ్లు ఒక ఫోటో స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఆ డబ్బుల్లోంచి పది నెలలు దాచినవి. ఇంకో విషయం కూడా ఉంది. 2023లో నేను ఈ కార్డు కొన్నప్పుడు పక్కన నిలబడి చూసింది వాడే. “ఐదేళ్ల దాకా మళ్లీ చూసుకునే పని లేదురా” అని వాడికి గొప్పగా చెప్పింది నేనే. రెండేళ్లకే మార్చేస్తున్నది కూడా నేనే.

సెకండ్‌హ్యాండ్ యాప్‌లో ఎవరో తెలియని మనిషికైతే ఏం చేసేవాణ్ణి? నాలుగు ఫోటోలు పెట్టి “కండిషన్ సూపర్ బ్రో, అన్ని గేమ్స్ ఆడొచ్చు” అని రాసేసేవాణ్ణి. అది అబద్ధమూ కాదు. కానీ తమ్ముడికి అలా చెప్పి డబ్బులు తీసుకోలేం కదా. అందుకే ఈ కార్డులో ఏది బాగుంది, ఏది బాలేదు అని నిజాయితీగా కూర్చుని రాసుకున్నాను. ఈ వారం కాలమ్ అదే.

కాగితం మీద ఏముంది?

ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 మార్కెట్లోకి వచ్చింది 2023 జూన్ 29న. అమెరికాలో ధర 299 డాలర్లు. అప్పటి 82 రూపాయల లెక్కన దాదాపు 24,500. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 29 వేలు. మన దగ్గర ముప్పై వేల చుట్టుపక్కల దొరికింది. నేను ఆగస్టులో సికింద్రాబాద్ సీటీసీలో కొన్నాను.

దీని ముందు తరం 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, 329 డాలర్లకి. రెండింటినీ పక్కపక్కన పెడితే విచిత్రంగా ఉంటుంది. పాత దాంట్లో మెమరీ 12 జీబీ, కొత్త దాంట్లో 8 జీబీ. పాత దాని మెమరీ బస్ 192 బిట్, కొత్త దానిది 128 బిట్. సెకనుకి పాతది 360 జీబీ డేటా లాగగలదు, కొత్తది 272 జీబీ. కూడా కోర్లు కూడా 3,584 నుంచి 3,072కి తగ్గాయి. అయినా చాలా గేమ్స్‌లో కొత్తదే సుమారు 20 శాతం ఫాస్ట్. అది కూడా 170 వాట్ల బదులు 115 వాట్లు మాత్రమే తింటూ!

అన్నీ తగ్గించి స్పీడ్ ఎలా పెంచారు? ఈ కార్డు బలం, బలహీనత రెండూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి.

పెళ్లి వంటశాల లెక్క

మా తమ్ముడికి నేను చెప్పిన పోలికే మీకూ చెప్తాను. పెళ్లి వంటశాల ఊహించుకోండి. గ్రాఫిక్స్ చిప్ అంటే వంటమాస్టర్. వీర్యామ్ అంటే వంటశాల పక్కనే ఉన్న సామాన్ల గది. మెమరీ బస్ అంటే ఆ గదిలోంచి బియ్యం, పప్పు, కూరగాయలు మోసుకొచ్చే కుర్రాళ్లు.

4060లో కుర్రాళ్లని తగ్గించేశారు. దానికి బదులు వంటమాస్టర్ చెయ్యి అందేంత దూరంలో పెద్ద బల్ల వేశారు. అదే ఎల్2 క్యాష్. 3060లో ఈ బల్ల 3 ఎంబీ, 4060లో 24 ఎంబీ. ఉప్పు, కారం, నూనె లాంటి మాటిమాటికీ కావాల్సినవన్నీ బల్ల మీదే ఉంటాయి కాబట్టి గదికి పరుగెత్తే పని తగ్గింది. కుర్రాళ్లు తక్కువున్నా వంట వేగంగా అవుతుంది. దానికి తోడు చిప్‌ని కొత్త ప్రాసెస్ మీద తయారు చేశారు కాబట్టి వంటమాస్టర్ చెయ్యి కూడా చురుగ్గా ఆడుతుంది.

1080పీలో ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది. 1440పీకి వెళ్తే వచ్చే అతిథులు పెరుగుతారు, బల్ల సరిపోదు, మళ్లీ గదికి పరుగులు మొదలు. అప్పుడు కుర్రాళ్లు తక్కువున్న సంగతి బయటపడుతుంది. నేను పోయినేడాది 1440పీ మానిటర్ కొన్నాను. కార్డు మార్చడానికి మొదటి కారణం అదే.

ఇంతవరకు పెద్ద సమస్య కాదు. అసలు సమస్య సామాన్ల గది నిండిపోయినప్పుడు వస్తుంది. 8 జీబీ నిండితే మిగతా సామాను ఎక్కడ పెడతారు? వీధి అవతల ఉన్న గోడౌన్‌లో, అంటే మీ పీసీ ర్యామ్‌లో. అక్కడి నుంచి తేవాలంటే ఒక సందులోంచి రావాలి. ఆ సందు పేరు పీసీఐఈ స్లాట్. పక్కగదిలోంచి సెకనుకి 272 జీబీ వస్తే, ఈ సందులోంచి వచ్చేది 16 జీబీ మాత్రమే. వంటమాస్టర్ గరిటె పట్టుకుని ఎదురుచూస్తాడు, బంతిలో కూర్చున్నవాళ్లు ఖాళీ విస్తరి చూస్తారు. గేమ్‌లో మనం దాన్నే “స్టటర్” అంటాం. బాగా నడుస్తున్న గేమ్ ఉన్నట్టుండి టక్కున ఆగి మళ్లీ కదులుతుంది.

ముందు మంచి చెప్పుకుందాం

కరెంటు విషయంలో ఈ కార్డుకి వంక పెట్టలేం. 3060తో పోలిస్తే ఫుల్ లోడ్ మీద 55 వాట్లు తక్కువ. రోజుకి నాలుగు గంటలు ఆడితే నెలకి ఆరున్నర యూనిట్లు మిగులుతాయి. బిల్లులో అది పెద్ద మొత్తం కాదు, నలభై యాభై రూపాయలు. లాభం వేరే చోట ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో పీసీ పెట్టుకున్నవాళ్లకి తెలుస్తుంది, ఆ 55 వాట్లు నేరుగా వేడి రూపంలో మన మొహం మీదకే వస్తాయి. నా కార్డు ఫ్యాన్ చప్పుడు రెండు ఎండాకాలాల్లో ఒక్కసారి కూడా చిరాకు పెట్టలేదు. ఇంకోటి, మనలో చాలామంది ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. కరెంటు పోయినప్పుడు గేమ్ సేవ్ చేసుకుని పీసీ షట్‌డౌన్ చేసే టైమ్ 4060తో దొరుకుతుంది. రెండు వందల వాట్లు పైన తినే కార్డులతో యూపీఎస్ “కుయ్” మని చేతులెత్తేసే ప్రమాదం ఎక్కువ.

రెండోది వీడియో ఎన్‌కోడర్. ఇందులో ఏవీ1 ఎన్‌కోడింగ్ ఉంది. 3060లో లేదు. గేమ్ ఆడుతూ రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకి తక్కువ ఫైల్ సైజులో మంచి క్వాలిటీ వస్తుంది, గేమ్ మీద భారం పెద్దగా పడదు.

మూడోది డీఎల్‌ఎస్‌ఎస్. గేమ్‌ని తక్కువ రిజల్యూషన్‌లో గీసి, ఏఐతో పెద్దది చేసి చూపించే పద్ధతి. 2025 జనవరిలో ఎన్‌విడియా కొత్త ఏఐ మోడల్ తెచ్చినప్పుడు పాత ఆర్‌టీఎక్స్ కార్డులన్నింటికీ ఇచ్చింది. దాంతో నా కార్డులో బొమ్మ క్వాలిటీ, కొన్నప్పటి కంటే ఇప్పుడే బాగుంది. కొన్న వస్తువు పాతబడే కొద్దీ మెరుగవడం మన లైఫ్‌లో ఎన్నిసార్లు జరుగుతుంది చెప్పండి!

ఫ్రేమ్ జనరేషన్ సంగతి మాత్రం జాగ్రత్తగా వినాలి. రెండు నిజమైన ఫ్రేముల మధ్య కార్డు ఒక కల్పిత ఫ్రేమ్ పెడుతుంది. ఆ మధ్యది తయారు చెయ్యాలంటే తర్వాతి ఫ్రేమ్‌ని కాసేపు ఆపి ఉంచాలి. అందుకే కళ్లకి స్మూత్‌గా కనిపిస్తుంది కానీ మౌస్ కదిపితే స్పందన కాస్త ఆలస్యం. అసలు ఫ్రేములు అరవై దాకా వస్తుంటే ఇది అదిరిపోతుంది. ముప్పై దగ్గర కొట్టుకుంటున్న గేమ్‌ని ఇది కాపాడదు. డబ్బాల మీద పెద్ద పెద్ద బార్లు గీసి చూపించే “రెట్టింపు స్పీడు” చాలావరకు ఈ కల్పిత ఫ్రేములు కలిపిన లెక్కే. కొనేవాళ్లు అవి తీసేసి చూడాలి.

ఇప్పుడు మైనస్‌లు

8 జీబీ. 2016లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 480 అనే కార్డు 239 డాలర్లకి 8 జీబీ ఇచ్చింది. ఏడేళ్ల తర్వాత 299 డాలర్ల కార్డులో కూడా అదే 8 జీబీ. ఈలోపు గేమ్స్ ఆగలేదు. 2020లో వచ్చిన పీఎస్5లో మొత్తం మెమరీ 16 జీబీ. గేమ్ తయారుచేసేవాళ్లు ఆ కొలత చూసుకునే టెక్స్చర్లు గీస్తారు, తర్వాత అదే గేమ్ పీసీకి వస్తుంది. 2023 మార్చిలో ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ పీసీలోకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులున్నవాళ్లు పడిన తిప్పలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తర్వాత అప్‌డేట్లతో ఆ గేమ్ సర్దుకుంది, నిజమే. కానీ గాలి ఎటు వీస్తోందో అప్పుడే తెలిసింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌లోనూ 8 జీబీ కార్డుల్లో టెక్స్చర్ సెట్టింగ్ దించాల్సిందే.

మోసం ఎక్కడంటే, ఈ లోపం సగటు ఎఫ్‌పీఎస్‌లో సరిగ్గా కనపడదు. వీడియోలో “యావరేజ్ 70” అని చూపిస్తారు. డెబ్బై ఫ్రేములూ సమానంగా వస్తే హాయిగా ఉంటుంది. మధ్యలో అర సెకను ఆగిపోయి, మిగతా అర సెకనులో గబగబా వచ్చినా సగటు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే రివ్యూలు చూసేటప్పుడు “1 పర్సెంట్ లో” అనే అంకె చూడండి. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల లెక్క అది. ఆటలో మనల్ని ఏడిపించేది అదే. కొన్ని గేమ్స్ ఇంకా తెలివైనవి. స్టటర్ రాకుండా చడీచప్పుడు లేకుండా టెక్స్చర్లు మసకగా మార్చేస్తాయి. ఎఫ్‌పీఎస్ బార్ పొడుగ్గానే ఉంటుంది, ఎదురుగా ఉన్న గోడ మాత్రం పాలిథిన్ కవర్ కప్పినట్టు కనిపిస్తుంది.

ఇంకో తమాషా. ఫ్రేమ్ జనరేషన్, రే ట్రేసింగ్ ఈ కార్డు గొప్పలు కదా? ఆ రెండూ ఆన్ చేస్తే వీర్యామ్ ఇంకా ఎక్కువ కావాలి. అంటే ఏ ఫీచర్లు చూసి కొన్నామో అవి పూర్తిగా వాడుకోవడానికి గదిలో చోటు లేదు.

రెండో మైనస్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. పొడుగాటి స్లాట్‌లో 16 లేన్లుంటాయి. 4060 వాటిలో 8 మాత్రమే వాడుతుంది. పీసీఐఈ 4.0 బోర్డులో 8 లేన్లంటే ఇందాక చెప్పుకున్న 16 జీబీ వేగం. పాత 3.0 బోర్డులో పెడితే సందు వెడల్పు ఇంకా సగమై 8 జీబీకి పడిపోతుంది. వీర్యామ్ నిండనంతవరకు ఈ తేడా పెద్దగా తెలియదు. నిండిన క్షణం నుంచి నరకం. బడ్జెట్ లేక పాత పీసీలో కార్డు ఒక్కటే మార్చుకునేవాళ్లు మిడ్‌రేంజ్ కార్డే కొంటారు. దెబ్బ సరిగ్గా వాళ్లకే తగులుతుంది.

మా తమ్ముడి పీసీ అలాంటిదే. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం నేనే అసెంబుల్ చేశాను. ఐ5 9400ఎఫ్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650. పీసీఐఈ 3.0.

ఉప్పల్‌లో బస్సెక్కిన 4060

నా పీసీలో అది ఎలా నడుస్తోందన్నది వాడికి అనవసరం. వాడి పీసీలో ఎలా నడుస్తుందన్నదే లెక్క. తర్వాతి వీకెండ్ కార్డుని డబ్బాలో పెట్టి, స్వెటర్ చుట్టి, బ్యాగ్‌లో సర్దుకుని ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కాను. ఇంట్లో ఖాళీగా పడున్న ఒక 8 జీబీ డీడీఆర్4 స్టిక్ కూడా వేసుకున్నాను.

మొదటి దెబ్బ కేబినెట్ తెరవగానే. 1650కి వేరే పవర్ కనెక్టర్ అక్కర్లేదు, స్లాట్‌లోంచే కరెంటు తీసుకుంటుంది. నా 4060కి 8 పిన్ కావాలి. వాడి ఎస్‌ఎంపీఎస్ కేబినెట్‌తో పాటు వచ్చిన రకం, దాంట్లో ఆ కనెక్టరే లేదు. అడాప్టర్ పెట్టి నడిపిద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పేరు ఊరు లేని ఎస్‌ఎంపీఎస్ మీద అడాప్టర్ పెట్టడమంటే పాత వైరింగ్ మీద గీజర్ పెట్టినట్టే. సాయంత్రం ఇద్దరం బండి మీద వెళ్లి 550 వాట్ల బ్రాంజ్ రేటెడ్ ఎస్‌ఎంపీఎస్ తెచ్చాం. నాలుగు వేల చిల్లర. పద్దెనిమిది వేల కార్డు అప్పుడే ఇరవై రెండు వేలైంది, ఇంకా ఆన్ కూడా చెయ్యలేదు.

ముందు వాలరెంట్ పెట్టాడు. రోజూ ఆడేది అదే. వాడి మానిటర్ 75 హెర్ట్జ్. పాత 1650 మీద కూడా వాలరెంట్ 75 దాటే నడిచేది. కొత్త కార్డుతో మూలన ఉన్న అంకె పెరిగింది, తెర మీద తేడా మాత్రం ఏమీ లేదు. వాడి మొహం చూడాలి మీరు. “ఏంది అన్నా, గట్లనే ఉన్నది?” అన్నాడు. గట్లనే ఉంటుంది మరి. మానిటర్ సెకనుకి 75 సార్లే బొమ్మ మారుస్తుంటే, కార్డు రెండు వందల ఫ్రేములు పంపినా ఏం లాభం?

తర్వాత సైబర్‌పంక్ 2077. 8 జీబీ ర్యామ్‌తో కారెక్కి వీధి మలుపు తిరిగితే చాలు, ఆగి ఆగి కదిలింది. నేను తెచ్చిన స్టిక్ వేసి 16 జీబీ చేశాక మనిషిలో పడింది. అంటే వాడి పీసీకి మొదట కావాల్సింది కార్డు కాదు, ర్యామ్. ఆ తర్వాత రద్దీ వీధుల్లో ప్రాసెసర్ వెనకబడింది. 9400ఎఫ్‌లో ఆరు కోర్లు, ఆరే థ్రెడ్లు. అలాంటప్పుడు డీఎల్‌ఎస్‌ఎస్‌తో రిజల్యూషన్ తగ్గించినా ఉపయోగం తక్కువ, ఎందుకంటే ఆలస్యం కార్డు దగ్గర లేదు. ఫ్రేమ్ జనరేషన్ మాత్రం ఇక్కడ కాస్త ఆదుకుంది, కల్పిత ఫ్రేమ్‌కి ప్రాసెసర్‌తో పెద్దగా పని ఉండదు కాబట్టి. చివరికి రే ట్రేసింగ్, టెక్స్చర్లు అన్నీ పైకి లేపి చూశాం. పావుగంట బాగానే నడిచి, వీర్యామ్ నిండాక తలుపు తీసిన ప్రతిసారీ బొమ్మ బిగుసుకుంది. అవే సెట్టింగ్స్ హైదరాబాద్‌లో నా 4.0 బోర్డు మీద ఇంత ఇబ్బంది పెట్టలేదు. రే ట్రేసింగ్ ఆపి, టెక్స్చర్లు ఒక మెట్టు దించగానే శుభ్రంగా నడిచింది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క మెట్టు తేడా పక్కన కూర్చున్న నాకే కనపడలేదు.

ఆఖరికి పెళ్లి వీడియో తెరిచాం. నేను సరిగ్గా అంచనా వెయ్యనిది ఇక్కడే. పాత కార్డులో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ తగ్గించే ఎఫెక్ట్, కలర్ కలిపి వేస్తే మెమరీ చాలట్లేదని ఎర్రర్ వచ్చేదట. వాడు ఆ ఎఫెక్ట్ తీసేసి పని కానిచ్చేవాడు. రాత్రి తీసిన బరాత్ షాట్లలో చీకటి భాగమంతా గింజలు గింజలుగా ఉండేది, స్టూడియో అన్న సణిగేవాడు. 4 జీబీ నుంచి 8 జీబీకి వచ్చాక ఆ ఎర్రర్ రాలేదు. బరాత్ షాట్ నీట్‌గా వచ్చింది. వాలరెంట్ దగ్గర వాడిపోయిన మొహం ఇక్కడ వెలిగింది.

ఇక్కడా ఒక షరతు ఉంది. కొన్ని కెమెరాలు 4:2:2 10 బిట్ ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తాయి. దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చెయ్యడం 4060కి రాదు, ఎన్‌విడియాలో అది 50 సిరీస్ నుంచే వచ్చింది. వాడి స్టూడియో ఇచ్చే ఫైళ్లు 4:2:0 కాబట్టి సరిపోయింది. ఎడిటింగ్ కోసం కార్డు కొనేవాళ్లు ముందు మీ కెమెరా ఫార్మాట్ కనుక్కోండి.

మరి కొత్తది కొనొచ్చు కదా?

వాడూ ఇదే అడిగాడు. 2025 మేలో వచ్చిన 5060 విడుదల ధర కూడా 299 డాలర్లే. మెమరీ వేగం 448 జీబీకి పెరిగింది, చోటు మాత్రం అదే 8 జీబీ, లేన్లు అవే 8. కుర్రాళ్లకి రన్నింగ్ షూస్ కొనిచ్చారు, గది పెంచలేదు. ఇంటెల్ ఆర్క్ బీ580 విడుదలైనప్పుడు 249 డాలర్లకే 12 జీబీ ఇచ్చింది. కానీ పాత ప్రాసెసర్లతో దానికి సరిగ్గా పడదు, వాడి తొమ్మిదో తరం ఐ5కి వద్దే వద్దు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ విడుదల ధర 349 డాలర్లు. ఇది 16 లేన్లూ వాడుతుంది కాబట్టి పాత బోర్డులో కూడా సందు వెడల్పు నయం. కొత్త పీసీ కట్టుకునే ఫ్రెండ్స్‌కి ఈ రేంజ్‌లో నేను మొదట చూడమనేది దీన్నే. ఇదే పేరుతో 8 జీబీ మోడల్ కూడా అమ్ముతున్నారు, డబ్బా మీద అంకె రెండుసార్లు చదువుకోండి. అయితే దాని ధర మా వాడి పద్దెనిమిది వేలకి అందదు. పైగా ఆ 9400ఎఫ్ పక్కన పెడితే సగం శక్తి నిద్రపోతుంది.

కొనే ముందు ఇవి చూసుకోండి

ఏ మిడ్‌రేంజ్ కార్డైనా, కొత్తదైనా పాతదైనా, ఈ ప్రశ్నలు వేసుకోండి.

మీ మానిటర్ ఎంత? 1080పీ, 75 హెర్ట్జ్ అయితే, మీరు ఆడేది వాలరెంట్ లాంటివే అయితే, ముందు మానిటర్ మార్చండి.

మీ బోర్డు పీసీఐఈ ఏ తరం, కార్డు ఎన్ని లేన్లు వాడుతుంది? జీపీయూ-జెడ్ అనే ఫ్రీ టూల్‌లో ఒక్క లైన్‌లో కనిపిస్తుంది. 3.0 బోర్డు, 8 లేన్ల కార్డు, 8 జీబీ మెమరీ, ఈ మూడూ కలిస్తే టెక్స్చర్ల దగ్గర రాజీ పడాల్సిందే.

ఎస్‌ఎంపీఎస్‌లో సరైన కనెక్టర్ ఉందా? లేకపోతే ఆ ఖర్చు కూడా కార్డు ధరలో కలిపి లెక్కపెట్టండి. ర్యామ్ 16 జీబీ లేకపోతే అది కూడా.

సెకండ్‌హ్యాండ్ అయితే బిల్లు, డబ్బా, సీరియల్ నంబర్ మూడూ కలుస్తున్నాయా చూడండి. కళ్లముందు కనీసం అరగంట గేమ్ నడిపించమనండి. ఐదు నిమిషాల టెస్ట్‌లో వేడీ తెలియదు, వీర్యామ్ నిండటమూ తెలియదు.

చివరిది. ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చు, ప్రాసెసర్ కూడా మార్చుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డులో వీర్యామ్ మాత్రం కొన్న రోజు ఎంతుందో కార్డు పోయేదాకా అంతే. 20 శాతం స్పీడా, 4 జీబీ ఎక్కువ మెమరీనా అని షాపులో తేల్చుకోలేకపోతే, మూడేళ్లు పైన వాడాలనుకునేవాళ్లు మెమరీ వైపే ఉండండి. 2023లో నేను స్పీడు వైపు ఉన్నాను. అందుకే “ఐదేళ్లు” అన్న నా మాట తప్పింది.

ఇంతకీ అమ్మానా?

అమ్మాను. పద్దెనిమిది వేలకి కాదు, పన్నెండు వేలకి. ర్యామ్ స్టిక్ ఫ్రీ. ఎస్‌ఎంపీఎస్ నాలుగు వేల చిల్లర పోను వాడి దగ్గర ఇంకో వెయ్యిన్నర మిగిలింది. బయట అమ్మితే నాకు ఎక్కువ వచ్చేదేమో. కానీ వాడి పీసీలో ఆ కార్డు విలువ అంతకు మించి లేదని నా కళ్లతోనే చూశాను కదా.

డబ్బులిస్తూ అడిగాడు: “అన్నా, ఇగ ఐదేళ్లు చూసుకునే పని లేదా?”

“లేదురా, గట్ల చెప్పను. బీటెక్ అయ్యేదాక మంచిగ నడుస్తది. ఎడిటింగ్‌కి అక్కరకొస్తది. పెద్ద గేమ్స్ ఆడేటప్పుడు టెక్స్చర్లు ఒక మెట్టు కిందనే ఉంచు. సర్వీస్ ఎట్లుంటదో తెల్వదు గానీ వారంటీ ఇంక ఏడాది ఉన్నది, బిల్లు పారెయ్యకు.”

వాడు మార్కర్ తీసి, డబ్బా లోపలి మూత మీద “టెక్స్చర్స్ ఒక మెట్టు కిందనే – అన్న చెప్పిండు” అని రాసుకున్నాడు. రేపు వాడు ఇంకెవరికైనా అమ్మితే ఆ మూత కూడా కార్డుతో పాటే వెళ్తుంది. పాత కార్డుతో అంతకంటే నిజమైన స్పెసిఫికేషన్ షీట్ ఇంకేం కావాలి?